ఒక్కో ఆటకు ఒక్కరే: అతి పెద్ద స్టార్ ఎవరు?

ఆఫ్‌స్టంప్

ఈ చర్చ ఎప్పుడు మొదలుపెట్టినా కాసేపటికే గణాంకాల గొడవగా మారిపోతుంది. అందుకే ముందే ఒక షరతు. నేను అడుగుతున్నది అత్యుత్తమ ఆటగాడు ఎవరని కాదు, అతి పెద్ద స్టార్ ఎవరని. రెండూ ఒకరే కావచ్చు, కాకపోవచ్చు.

నా కొలత ఇది: ఆ ఆట నియమాలు కూడా సరిగ్గా తెలియనివాళ్లను టీవీ ముందు కూర్చోబెట్టింది ఎవరు? ఎవరు రిటైరైతే జనం ఆ ఆట చూడడమే తగ్గించేశారు? పతకాలు, రికార్డులు సాక్ష్యంగా పనికొస్తాయి, అంతే. తీర్పు వాటిది కాదు.

అన్ని కాలాలూ కలిపి నా జాబితా: క్రికెట్‌లో సచిన్, ఫుట్‌బాల్‌లో మెస్సీ, టెన్నిస్‌లో ఫెదరర్, బాస్కెట్‌బాల్‌లో జోర్డన్, అథ్లెటిక్స్‌లో బోల్ట్, స్విమ్మింగ్‌లో ఫెల్ప్స్, బాక్సింగ్‌లో అలీ, గోల్ఫ్‌లో టైగర్ వుడ్స్, ఫార్ములా వన్‌లో సెనా, జిమ్నాస్టిక్స్‌లో సిమోన్ బైల్స్.

ఒక్కో ఆటకు ఒక్కరే. "ఇద్దరూ సమానమే" అంటే ఒప్పుకోను. కారణం చెప్పి మార్పించండి.

మిడ్‌ఫీల్డ్10

బ్రో, నీ కొలత ప్రకారమే చూస్తే ఫుట్‌బాల్‌లో మెస్సీ ఎలా వస్తాడు? రొనాల్డో రావాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో 60 కోట్ల మందికి పైగా అతన్ని అనుసరిస్తున్నారు. ఏ ఆటలోనైనా, సినిమాల్లోనైనా సరే, ఇంకెవరికీ అంతమంది లేరు. ఫుట్‌బాల్ చూడనివాళ్లు కూడా ఆ గోల్ సంబరాన్ని అనుకరిస్తారు. 2023 జనవరిలో సౌదీ క్లబ్ అల్ నాసర్‌లోకి వెళ్లాడు. అప్పటిదాకా బయటివాళ్లు పెద్దగా పట్టించుకోని లీగ్‌కి అతని వెనకే బెంజెమా, నెయ్‌మార్ వచ్చారు. ఒక్కడు దారి తీస్తే మొత్తం లీగ్ మీదికి ప్రపంచం చూపు మళ్లింది. దీన్నే కదా నువ్వు అడుగుతున్నది?

మెస్సీ ఆట నాకు ప్రాణం. ఆటలో ఎవరు గొప్ప అని అడిగితే కళ్లు మూసుకుని మెస్సీ పేరే చెప్తా. కానీ నువ్వు అడిగింది అది కాదు.

రేడియోరోజులు

మిడ్‌ఫీల్డ్10 గారూ, అనుచరుల సంఖ్యతో కొలిస్తే ఫోన్లు రాకముందు ఆడినవాళ్లందరూ పోటీకి ముందే ఓడిపోయినట్టే. 1958లో పెలేకి 17 ఏళ్లు. ప్రపంచకప్ సెమీస్‌లో ఫ్రాన్స్ మీద హ్యాట్రిక్, ఫైనల్లో స్వీడన్ మీద రెండు గోల్స్. ఆ మ్యాచ్‌లను టీవీలో చూసినవాళ్లు ప్రపంచంలో ఎంతమంది ఉంటారు? చాలా తక్కువ. అయినా నాలుగైదేళ్లలో ఆ పేరు తెలియని దేశం లేకుండా పోయింది. పత్రికల్లో రెండు ఫొటోలు, రేడియోలో నాలుగు మాటలు, వాటితోనే అంత పేరు. 1962, 1970 కప్పులు కూడా కలిపితే మూడు. మరే ఆటగాడికీ మూడు ప్రపంచకప్‌లు లేవు.

ఫుట్‌బాల్‌లో పదో నంబరు చొక్కా వేసుకోవాలని పిల్లలు కొట్టుకునేది ఆయన వల్లే. మీ పేరు చివర ఉన్న ఆ అంకెకు కూడా ఆయనే మూలం.

ఆఫ్‌స్టంప్

మెస్సీని నేను ఎంచుకోవడానికి కారణం 2022 ఖతర్. ఫైనల్లో ఫ్రాన్స్‌తో 3-3, పెనాల్టీల్లో 4-2. ఎంబాపె ఫైనల్లో హ్యాట్రిక్ కొట్టి కూడా ఓడిపోయిన రాత్రి అది. ఆ రోజు అర్జెంటీనాతో ఏ సంబంధమూ లేని దేశాల్లో జనం ఏడ్చారు. వాళ్లు ఏడ్చింది అర్జెంటీనా కోసం కాదు, ఒక మనిషి కోసం. 2014 ఫైనల్లో ఓడి కప్పు పక్కనుంచి నడిచి వెళ్లిన మనిషి ఎనిమిదేళ్ల తర్వాత దాన్ని ముద్దు పెట్టుకోవడం కోసం. 8 బలోన్ డి ఓర్‌లు, అంటే ఏడాదికి ఉత్తమ ఫుట్‌బాలర్‌కి ఇచ్చే బహుమతులు, లెక్క మాత్రమే, ఆ రాత్రి లెక్కకు అందేది కాదు.

సోషల్ మీడియా అనుచరులను నేను కాదనను. కానీ ఆ సంఖ్యలో ఆటగాడితో పాటు ప్రకటనలు, ఫొటోలు, జీవనశైలి అన్నీ కలిసి ఉంటాయి.

ఎడమచేతివాటం

ఫుట్‌బాల్ సంగతి వాళ్లు తేల్చుకుంటారు, నేను క్రికెట్ దగ్గరికి వస్తాను. సచిన్ పేరు చూడగానే అందరూ తలూపి వెళ్లిపోతారని నాకు తెలుసు. నేను ఊపను. నా ఓటు కోహ్లీకి.

2023 అక్టోబర్‌లో ముంబైలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం జరిగింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి క్రికెట్‌ను తీసుకోవాలన్న నిర్ణయం అక్కడే. అప్పుడు లాస్ ఏంజెలెస్ నిర్వాహకుల తరఫున మాట్లాడిన క్రీడా డైరెక్టర్ ప్రత్యేకంగా ఎవరి పేరు చెప్పాడో గుర్తుందా? కోహ్లీ పేరు. అమెరికా స్టార్లు లెబ్రాన్ జేమ్స్, టామ్ బ్రేడీ, టైగర్ వుడ్స్ ముగ్గురినీ కలిపినా సోషల్ మీడియాలో కోహ్లీకి ఉన్నంతమంది లేరని చెప్పాడు. 1900 తర్వాత ఒలింపిక్స్‌కి దూరమైన ఆట తిరిగి వస్తుంటే దానికి ముఖంగా నిలబడింది ఒక్క బ్యాటర్. క్రికెట్ ఆడని దేశాల వాళ్లకు ఈ ఆట గురించి చెప్పడానికి దొరికిన పేరు అదే.

ఇక మైదానంలో అంటారా, 2022 అక్టోబర్ 23, మెల్‌బోర్న్. పాకిస్థాన్ మీద 53 బంతుల్లో 82 నాటౌట్. హారిస్ రవూఫ్ బంతిని వెనక కాలి మీద నిలబడి నేరుగా బౌలర్ తల మీదుగా సిక్స్. ఆ ఒక్క షాట్ కోసం టీ20లు చూడడం మొదలుపెట్టినవాళ్లు ఉంటారు.

ఆఫ్‌స్టంప్

ఎడమచేతివాటం గారూ, మంచి వాదన. ఒలింపిక్స్ మాట బలమైనదే. కానీ కోహ్లీ వచ్చేనాటికి క్రికెట్‌కి డబ్బు, టీవీ, అభిమానం అన్నీ సిద్ధంగా ఉన్నాయి. వాటిని తెచ్చింది ఎవరు? 1989 నవంబర్‌లో కరాచీలో 16 ఏళ్ల కుర్రాడు టెస్టు ఆడడానికి దిగాడు. 2013 నవంబర్‌లో వాంఖెడేలో 74 పరుగులు చేసి వెళ్లిపోయాడు. ఈ 24 ఏళ్ల మధ్యలో కేబుల్ టీవీ వచ్చింది, మార్కెట్ తెరుచుకుంది, క్రికెట్ ఆర్థిక కేంద్రం ఇంగ్లాండ్ నుంచి భారత్‌కి మారింది. ఆ మార్పులో ప్రతి మలుపు దగ్గరా సచిన్ ఉన్నాడు.

1998 ఏప్రిల్‌లో షార్జాలో ఆస్ట్రేలియా మీద 143. మధ్యలో ఇసుక తుఫాను వచ్చి ఆట ఆగింది. రెండు రోజుల తర్వాత ఫైనల్లో 134, అదీ తన పుట్టినరోజున. ఇప్పటికీ ఆ రెండు ఇన్నింగ్స్ గురించి మాట్లాడేటప్పుడు తేదీలు చూసుకోవాల్సిన అవసరం ఎవరికీ రాదు. సచిన్ అవుటైతే టీవీ కట్టేసే అలవాటు ఒక తరం మొత్తానికి ఉండేది. నా కొలతకు ఇంతకన్నా తిరుగులేని రుజువు ఏముంటుంది?

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. వన్డేల్లో సచిన్ 49 సెంచరీల రికార్డును కోహ్లీ 2023 ప్రపంచకప్ సెమీస్‌లో దాటినప్పుడు, అదే వాంఖెడేలో, స్టాండ్స్‌లో సచిన్ ఉండగా తల వంచి నమస్కరించాడు. ఇక్కడ ఎవరు పెద్ద అన్నది కోహ్లీయే తేల్చేశాడు.

రేడియోరోజులు

మీ ఇద్దరి మాటల్లో ఒక పేరు రానే లేదు. డాన్ బ్రాడ్‌మన్. 99.94 సగటు గురించి నేను చెప్పనక్కర్లేదు. 1948లో ఓవల్‌లో చివరి ఇన్నింగ్స్‌లో 4 పరుగులు చేస్తే సగటు సరిగ్గా 100 అయ్యేది, ఎరిక్ హోలీస్ సున్నాకే బౌల్డ్ చేశాడు. ఇదంతా అందరికీ తెలిసిందే.

నేను అడిగేది వేరు. ఒక్క ఆటగాణ్ణి ఆపడం కోసం ప్రత్యర్థి జట్టు ఆట పద్ధతినే మార్చుకున్న సందర్భం ఇంకోటి చెప్పండి. 1932-33లో ఇంగ్లాండ్ కెప్టెన్ జార్డిన్ బాడీలైన్ వ్యూహం పన్నింది బ్రాడ్‌మన్ కోసమే. బంతిని శరీరం మీదికి వేయడం, లెగ్ సైడ్ ఫీల్డర్లను గుమికూడేలా నిలబెట్టడం. రెండు దేశాల మధ్య సంబంధాలే దెబ్బతిన్నాయి, ఆ తర్వాత నిబంధనలు మార్చాల్సి వచ్చింది. అంత చేసినా ఆ సిరీస్‌లో బ్రాడ్‌మన్ సగటు 56 దాటింది. మిగతావాళ్లకు అది కెరీర్ మొత్తానికి గొప్ప సగటు, ఆయనకు వైఫల్యం!

1930ల ఆర్థిక మాంద్యంలో పనుల్లేక, ఆశ లేక ఉన్న ఆస్ట్రేలియన్లకు ఆయన ఆడే రోజు పండగ రోజు. స్టార్ అంటే మీరు చెప్పేదే అయితే ఈ పేరును పక్కన పెట్టలేరు.

ఎడమచేతివాటం

రేడియోరోజులు గారూ, బ్రాడ్‌మన్ ఆడినవి 52 టెస్టులు. అవీ ఆస్ట్రేలియా, ఇంగ్లాండ్ గడ్డ మీదే. వెస్టిండీస్‌లో గానీ భారత్‌లో గానీ దక్షిణాఫ్రికాలో గానీ ఒక్క టెస్టు కూడా ఆడలేదు. ప్రతిభ గురించి వాదన లేదు. స్టార్ అనేవాడు నాలుగు దేశాల మైదానాల్లో జనానికి కనిపించి ఉండాలి కదండీ.

నెట్‌కార్డ్

అందరూ ఒక విషయం దాటేస్తున్నారు. పది పేర్లలో ఒక్క స్త్రీ. ఆ ఒక్కరూ జిమ్నాస్టిక్స్‌లో. టెన్నిస్‌లో ఫెదరర్ ఎందుకు, సెరీనా ఎందుకు కాదు? ఇది మొహమాటానికి అడుగుతున్న ప్రశ్న కాదు, మీ కొలతతోనే అడుగుతున్నాను.

సెరీనా 1999లో 17 ఏళ్లకు యూఎస్ ఓపెన్ గెలిచింది. 2017లో గర్భంతో ఉండగా ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది, ఒక్క సెట్ కూడా కోల్పోకుండా. 23 సింగిల్స్ గ్రాండ్‌స్లామ్‌లు. 2022 యూఎస్ ఓపెన్‌లో ఆమె చివరి మ్యాచ్‌లు ఆడుతున్నప్పుడు పురుషుల పోటీల గురించి ఎవరైనా మాట్లాడారా? టైగర్ వుడ్స్ వచ్చి ఆమె బాక్స్‌లో కూర్చుని పిడికిలి బిగించి ప్రోత్సహించాడు. మూడో రౌండ్‌లో అయ్‌లా టొమ్‌లియానొవిచ్ చేతిలో ఓడింది, టోర్నీ మొత్తానికి జనం గుర్తుపెట్టుకున్నది ఆ ఓటమినే.

ఫెదరర్ టెన్నిస్‌ని ఇష్టపడేవాళ్లకు దేవుడు. సెరీనా టెన్నిస్ తెలియని ఇళ్లలోకి వెళ్లింది. సరైన కోచింగ్‌కి డబ్బు లేని ఇళ్లలో ఆడపిల్లల చేతికి రాకెట్ ఇచ్చింది ఆమె.

మిడ్‌ఫీల్డ్10

అక్కా, మరి జొకోవిచ్? 24 గ్రాండ్‌స్లామ్‌లు, 428 వారాలు నంబర్ వన్, పారిస్‌లో ఒలింపిక్ స్వర్ణం. నాదల్ మీద 31-29, ఫెదరర్ మీద 27-23. పేపర్ మీద అన్నీ అతనివే.

నెట్‌కార్డ్

తమ్ముడూ, పేపర్ మీద అన్నీ అతనివే, నిజమే. అందుకే అతను అత్యుత్తముల చర్చలో ముందుంటాడు. స్టార్ల చర్చలో ఎందుకు వెనకబడతాడో 2019 వింబుల్డన్ ఫైనల్ చూస్తే అర్థమవుతుంది. ఐదో సెట్‌లో 8-7 మీద ఫెదరర్‌కి రెండు చాంపియన్‌షిప్ పాయింట్లు, ఒక్కటి గెలిచినా కప్పు అతనిదే. జొకోవిచ్ రెండూ కాపాడుకుని గెలిచాడు. సెంటర్ కోర్టు దాదాపు మొత్తం ఫెదరర్ పేరే అరుస్తోంది. అరుపులన్నీ తన పేరే అనుకుని ఆడానని తర్వాత జొకోవిచ్ చెప్పుకున్నాడు. ఆ మనోబలానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ జనం ఎవరి వైపు ఉన్నారో అందులోనే ఉంది.

ఆఫ్‌స్టంప్

నెట్‌కార్డ్ గారూ, ఫెదరర్ తరఫున ఒక్క సాక్ష్యం. 2020 ఫిబ్రవరిలో కేప్‌టౌన్‌లో ఫెదరర్, నాదల్ ఒక సహాయ మ్యాచ్ ఆడారు. పాయింట్లు లేవు, ట్రోఫీ లేదు. 50 వేలమందికి పైగా వచ్చారు. టెన్నిస్ మ్యాచ్‌కి అదే అప్పట్లో రికార్డు. అది పెద్ద టోర్నీలు జరిగే చోటు కూడా కాదు.

నెట్‌కార్డ్

అదే లెక్కన 1973 తీసుకోండి. హ్యూస్టన్‌లో బిల్లీ జీన్ కింగ్, బాబీ రిగ్స్ మధ్య మ్యాచ్. ఆడవాళ్ల ఆటను చులకన చేసిన మాజీ వింబుల్డన్ చాంపియన్‌ను వరుస సెట్లలో ఓడించింది. స్టేడియంలో 30 వేలకు పైగా జనం, టీవీల్లో కోట్లమంది. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్ స్త్రీ పురుషులకు సమాన ప్రైజ్‌మనీ ఇవ్వడం మొదలుపెట్టింది. సెరీనా కోట్ల డాలర్ల చెక్కులు అందుకోవడానికి పునాది అక్కడ పడింది. నేను బిల్లీ జీన్ పేరు జాబితాలోకి అడగడం లేదు. టెన్నిస్‌ని బయటి ప్రపంచంలోకి లాక్కొచ్చిన సందర్భాలు తీస్తే వాటి మధ్యలో స్త్రీలే కనిపిస్తారని చెప్తున్నాను.

ఆఫ్‌స్టంప్

ఈ వాదన మీద మార్చేస్తున్నాను. టెన్నిస్‌లో సెరీనా. ఫెదరర్ అభిమానులు ఇంకా బలమైనది ఏదైనా తెస్తే మళ్లీ చూద్దాం.

ఫాస్ట్‌బ్రేక్

జోర్డన్ గురించి ఎవరూ వాదించడం లేదు కాబట్టి లెబ్రాన్ తరఫున నేనే మాట్లాడతాను. 2003లో వచ్చాడు. 2023 ఫిబ్రవరిలో కరీమ్ అబ్దుల్ జబ్బార్ 38,387 పాయింట్ల రికార్డు దాటాడు, ఆ తర్వాత 40 వేలు దాటాడు. మూడు వేర్వేరు జట్లతో నాలుగు టైటిళ్లు. 2011 నుంచి 2018 దాకా వరుసగా ఎనిమిది ఫైనల్స్. 2016 ఫైనల్స్‌లో, సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచిన గోల్డెన్ స్టేట్ మీద 1-3తో వెనకబడి, అక్కడి నుంచి గెలిపించాడు. 2024లో కొడుకు బ్రోనీతో కలిసి ఒకే జట్టులో కోర్టులోకి దిగాడు. తండ్రీకొడుకులు కలిసి ఆడడం ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో, అదే మొదటిసారి.

ఇన్ని చెప్పాక కూడా నా ఓటు జోర్డన్‌కే. జోర్డన్ ఆరు ఫైనల్స్ ఆడి ఆరూ గెలిచాడు, ఆరుసార్లూ ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు అతనే. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో డ్రీమ్ టీమ్‌ అని పిలిచిన అమెరికా జట్టుతో ఆడాడు. అప్పటిదాకా బాస్కెట్‌బాల్ అమెరికన్ల ఆట. ఆ తర్వాత యూరప్‌లో, ఆఫ్రికాలో, ఆసియాలో పిల్లలు రింగు కట్టుకుని ఆడారు. ఇప్పుడు ఎన్‌బీఏలో అమెరికా బయట పుట్టిన ఆటగాళ్లు అంతమంది ఉన్నారంటే అందులో ఆ ఎండాకాలం వాటా పెద్దది. ఇక బూట్లు. 1984లో నైకీతో ఒప్పందం చేసుకున్నాడు. ఆడడం మానేసి రెండు దశాబ్దాలు దాటినా ఆ బూట్ల కోసం జనం క్యూలో నిలబడుతున్నారు. అతని ఆట ఒక్క నిమిషం కూడా చూడని పిల్లలు అతని బొమ్మ కాళ్లకు వేసుకుని తిరుగుతున్నారు.

ఆటను మార్చినవాడు ఎవరని అడిగితే మాత్రం గోల్డెన్ స్టేట్ ఆటగాడు స్టెఫెన్ కర్రీ. 2015-16 సీజన్‌లో 402 మూడు పాయింట్ల బుట్టలు వేశాడు. ఆ తర్వాత స్కూలు పిల్లలు కూడా రింగు దగ్గరికి వెళ్లడం మానేసి దూరం నుంచే వేస్తున్నారు.

లేన్4

బోల్ట్, ఫెల్ప్స్ మీద నాకు అభ్యంతరం లేదు. ఫెల్ప్స్‌వి 28 ఒలింపిక్ పతకాలు, అందులో 23 స్వర్ణాలు, 2008 బీజింగ్‌లోనే ఎనిమిది. 100 మీటర్ల బటర్‌ఫ్లైలో మిలొరాడ్ చావిచ్ మీద సెకనులో నూరో వంతు తేడాతో గెలిచాడు.

బోల్ట్ దగ్గర నాకు నచ్చేది బెర్లిన్ 9.58 కన్నా బీజింగ్ 9.69. గీత దాటకముందే చేతులు చాచి, గుండె మీద కొట్టుకుని, వేగం తగ్గించి కూడా ప్రపంచ రికార్డు. పది సెకన్లలో అయిపోయే పోటీ కోసం స్టేడియాలు నిండేలా చేశాడు. డోపింగ్ కుంభకోణాలతో జనం వంద మీటర్ల పరుగును నమ్మడం మానేసిన కాలంలో మళ్లీ నమ్మించాడు. రిలే సహచరుడి డోపింగ్ వల్ల ఒక స్వర్ణం వెనక్కి ఇవ్వాల్సి వచ్చినా ఎనిమిది మిగిలాయి, ఆయన పేరు మీద మచ్చ పడలేదు.

ఇప్పుడు ఆడుతున్నవాళ్లలో డుప్లాంటిస్‌ని గమనించండి. 2020లో 6.17 మీటర్లతో పోల్‌వాల్ట్ రికార్డు అందుకున్నాడు, 2025 టోక్యోలో 6.30కి చేర్చాడు. ఒక్కోసారి ఒక్కో సెంటీమీటర్. మిగతా పోటీలన్నీ అయిపోయాక కూడా ఆయన చివరి ప్రయత్నం కోసం స్టేడియం కదలకుండా కూర్చుంటోంది.

పిట్‌వాల్

ఫార్ములా వన్‌లో సెనా అన్నారు. మూడు టైటిళ్లు, మొనాకోలో ఆరు విజయాలు, వానలో ఆయన నడిపిన తీరు. 1994 మే 1న ఇమొలాలో చనిపోతే బ్రెజిల్ మూడు రోజులు సంతాపం పాటించింది. ఆ ప్రేమను నేను గౌరవిస్తాను. ఆయన మరణం తర్వాత రేసుల్లో భద్రత పూర్తిగా మారింది, ఎన్నో ప్రాణాలు నిలిచాయి.

కానీ మీ కొలతకు హామిల్టన్ సరిపోతాడు. షుమాకర్‌తో సమానంగా ఏడు టైటిళ్లు, 100కు పైగా విజయాలు. 2008లో బ్రెజిల్‌లో సీజన్ చివరి ల్యాప్‌లో, దాదాపు చివరి మలుపు దగ్గర టిమో గ్లాక్‌ని దాటి మొదటి టైటిల్ గెలిచాడు. ఈ ఆటలో తొలి నల్లజాతి డ్రైవర్. రేసింగ్ డబ్బున్న కుటుంబాలకే అనుకునే చోట తండ్రి రెండు మూడు ఉద్యోగాలు చేసి కార్టింగ్‌కి, అంటే చిన్న కార్ల రేసింగ్‌కి, పంపాడు. 2025లో ఫెరారీలోకి మారినప్పుడు రేసులు చూడనివాళ్లు కూడా ఎరుపు కారు పక్కన ఆయన దిగిన ఫొటోను పంచుకున్నారు. ఒక్క రేసు కూడా కాకముందే!

రేడియోరోజులు

అలీ గురించి ఎవరూ గొడవపడకపోవడం చూసి సంతోషంగా ఉంది, అయినా రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. 1967లో వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నాడు. టైటిల్ లాక్కున్నారు, లైసెన్స్ తీసేశారు. బాక్సర్‌కి అత్యంత విలువైన మూడున్నర ఏళ్లు, 25 నుంచి 28 దాకా, రింగులోకి దిగనివ్వలేదు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన వైపు తీర్పిచ్చింది. 1974లో కిన్షాసాలో, తనకన్నా వయసులో చిన్నవాడు, బలవంతుడు అయిన ఫోర్‌మన్‌ని తాళ్ల మీద ఆనుకుని దెబ్బలు తింటూ అలసిపోయేలా చేసి, ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టాడు. 1996లో అట్లాంటాలో పార్కిన్సన్స్‌తో వణికే చేత్తో ఒలింపిక్ జ్యోతి వెలిగించాడు.

మిగతావాళ్లందరూ ఆట వల్ల పెద్దవాళ్లయ్యారు. ఆయన ఆటను వదులుకోవడానికి సిద్ధపడి పెద్దవాడయ్యాడు. అన్ని ఆటలకూ కలిపి ఒక్కరిని ఎంచుకోమంటే నాకు ఇంకో పేరు రాదు.

ఫాస్ట్‌బ్రేక్

జాబితాలో ఐస్ హాకీ, బేస్‌బాల్ లేవు. బేస్‌బాల్‌లో ఇప్పుడు ఒహ్తాని. బంతి వేస్తాడు, బ్యాటూ పడతాడు, రెండింట్లోనూ అగ్రస్థాయి. 2024లో ఒకే సీజన్‌లో 50 హోమ్ రన్లు, 50 స్టోలెన్ బేస్‌లు (బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ చేరుకోవడం) అందుకున్న తొలి ఆటగాడు. 2025 అక్టోబర్‌లో ఒకే మ్యాచ్‌లో పదిమందిని స్ట్రైక్ అవుట్ చేసి, మూడు హోమ్ రన్లు కొట్టాడు. అయినా అన్ని కాలాలకూ బేబ్ రూత్ అనే అంటాను. ఆటతో సంబంధం లేనివాళ్లకు ఈనాటికీ తెలిసిన పేరు అదే.

ఐస్ హాకీలో వేన్ గ్రెట్స్‌కీ, చర్చ అక్కర్లేదు. గోల్స్ రికార్డును 2025లో ఒవెచ్కిన్ దాటాడు. కానీ గ్రెట్స్‌కీ గోల్స్ అన్నీ తీసేసి, సహచరులకు అందించిన 1,963 అసిస్ట్‌లు మాత్రమే లెక్కేసినా మరే ఆటగాడి మొత్తం పాయింట్ల (గోల్స్, అసిస్ట్‌లు కలిపి) కన్నా ఎక్కువే. 1988లో ఎడ్మంటన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి మారాడు. మంచు పడని కాలిఫోర్నియాలో ఆ తర్వాత ఐదేళ్లలో ఇంకో రెండు జట్లు పుట్టాయి.

లేన్4

రగ్బీలో న్యూజిలాండ్ ఆటగాడు జోనా లోము అని నా మాట. 1995 ప్రపంచకప్ సెమీస్, ఇంగ్లాండ్ మీద నాలుగు ట్రైలు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు తాకించడం), 20 ఏళ్ల వయసులో. అడ్డొచ్చిన మైక్ క్యాట్‌ని తొక్కుకుంటూ వెళ్లిపోయిన దృశ్యం రగ్బీ అంటే తెలియనివాళ్లూ చూసి ఉంటారు. ఆ టోర్నీ ముగిసిన రెండు నెలలకే రగ్బీ యూనియన్ వృత్తి క్రీడగా మారింది. లోము ప్రపంచకప్ ఎప్పుడూ గెలవలేదు.

నెట్‌కార్డ్

లోము పేరు ఒప్పుకుంటే బ్రెజిల్ మహిళా ఫుట్‌బాలర్ మార్తా పేరు కూడా ఒప్పుకోవాలి. ఆమె కూడా ప్రపంచకప్ గెలవలేదు. ప్రపంచకప్‌లలో 17 గోల్స్, పురుషుల్లో అప్పటికి అందరికన్నా ముందున్న జర్మనీ ఆటగాడు క్లోజ్ కన్నా ఒకటి ఎక్కువ. 2019లో ఫ్రాన్స్ చేతిలో ఓడి బయటికి వెళ్తూ కెమెరా వైపు తిరిగి, తర్వాతి తరం అమ్మాయిలను ఉద్దేశించి, మార్తా ఎప్పటికీ ఉండదు, మహిళల ఫుట్‌బాల్ మీ మీదే ఆధారపడి ఉందన్న అర్థం వచ్చేలా మాట్లాడింది. మహిళల ఫుట్‌బాల్‌ని విడిగా ఒక వరుసలో పెట్టండి.

ఆఫ్‌స్టంప్

పెట్టాను, మార్తా. రగ్బీకి లోము, ఐస్ హాకీకి గ్రెట్స్‌కీ, బేస్‌బాల్‌కి బేబ్ రూత్. పిట్‌వాల్ గారూ, ఫార్ములా వన్‌లో సెనానే ఉంచుతున్నాను. ఒక దేశం మొత్తం ఒక డ్రైవర్ కోసం అలా కన్నీళ్లు పెట్టుకోవడం నాకు ఇంకెక్కడా కనిపించలేదు. పురుషుల ఫుట్‌బాల్ ఒక్కటే తేలలేదు. మెస్సీ, రొనాల్డో, పెలే ముగ్గురూ ఇంకా పోటీలోనే ఉన్నారు.

మిడ్‌ఫీల్డ్10

నేను రొనాల్డో దగ్గరే ఆగుతున్నా. రేడియోరోజులు గారూ, పెలే ఆడిన రోజుల్లో ఫుట్‌బాల్ పట్టని దేశాన్ని ఆయన తన వైపు తిప్పుకున్నాడని చూపించగలరా? సౌదీ సంగతి నేను చెప్పాను.

రేడియోరోజులు

చూపిస్తాను. అమెరికా, 1975. పెలే న్యూయార్క్ కాస్మాస్ క్లబ్‌లో చేరేనాటికి వాళ్ల మ్యాచ్‌లకు కొన్ని వేలమందే వచ్చేవారు. 1977కల్లా జయంట్స్ స్టేడియంలో ఒక మ్యాచ్‌కి 77,691 మంది వచ్చారు. అదీ ఫుట్‌బాల్ అంటే వేరే ఆట అనుకునే దేశంలో. అదే ఏడాది అక్టోబర్ 1న కాస్మాస్, ఆయన పాత బ్రెజిల్ క్లబ్ సాంటోస్ మధ్య ఆయన వీడ్కోలు మ్యాచ్ పెట్టారు. మొదటి సగం కాస్మాస్ తరఫున ఆడాడు, గోల్ వేశాడు. రెండో సగం చొక్కా మార్చి సాంటోస్ తరఫున ఆడాడు. రెండు జట్లూ ఒకే మనిషి కోసం దిగిన మ్యాచ్ అది. మనమిక్కడ బాక్సింగ్‌కి ఎంచుకున్న అలీ కూడా ఆ రోజు స్టేడియానికి వచ్చాడు. ఇలాంటి మ్యాచ్ రొనాల్డోకి గానీ మెస్సీకి గానీ జరిగినప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం, అప్పటిదాకా నా ఓటు పెలేకే.